ఫాయిల్ పొట్లంలో చేప: వేపుడు మసాలా అక్కడ ఎందుకు పచ్చిగా ఉండిపోతుంది

ఫాయిల్‌లో చుట్టి వండే చేప విషయంలో జనం రెండు పార్టీలుగా ఉంటారు. ఒక పార్టీ ఏమో ఇంత సుఖమైన వంట ఇంకోటి లేదు, మసాలా రాసి పొట్లం కట్టి ఓవెన్‌లో పడేస్తే అయిపోయింది, మూకుడు తోమే పని కూడా లేదు అంటుంది, రెండో పార్టీ ఏమో అదేం చేప, చప్పగా ఉడకేసినట్టు ఉంటుంది, పైన మసాలా అంతా పచ్చి వాసన, దానికన్నా పులుసు పెట్టుకోవడం నయం అంటుంది. తమాషా ఏంటంటే చాలాసార్లు ఇద్దరూ ఒకే రెసిపీ చూసి చేసినవాళ్లే.

గొడవ ఎక్కడొచ్చిందంటే, వీడియోల్లో దీనికి గ్రిల్డ్ ఫిష్ అనో, నూనె లేని ఫ్రై అనో పేరు పెడతారు, మనం కూడా అది నమ్మేసి వేపుడుకి కలిపే మసాలానే కలిపి ముక్కలకి పట్టించేస్తాం. కానీ మూసేసిన పొట్లంలో జరిగేది గ్రిల్లూ కాదు, వేపుడూ కాదు, అచ్చంగా ఆవిరి వంట. ఈ ఒక్క సంగతి ఒప్పుకుంటే ఏ చేప తీసుకోవాలి, ఏ మసాలా వెయ్యాలి, ఎంతసేపు నానబెట్టాలి, ఫాయిల్ మంచిదా కాదా అనే చిక్కులన్నీ ఒక్కొక్కటిగా విడిపోతాయి.

చేప ముక్కలో నాలుగింట మూడొంతులు నీళ్లే ఉంటాయి. పొట్లం వేడెక్కగానే ఆ నీళ్లు, మసాలాలో ఉన్న తడి, ఉల్లిపాయ టమాటా వేస్తే వాటి నీళ్లు, అన్నీ కలిసి ఆవిరవుతాయి, ఆ ఆవిరికి బయటికి పోయే దారి లేదు కాబట్టి వెళ్లి మళ్లీ చేప మీదే నీళ్లుగా మారుతుంది. ఇక్కడే అసలు బలం ఉంది. 100 డిగ్రీల నీళ్లు ఒక గ్రాము తీసుకుని 60 డిగ్రీలకి చల్లారిస్తే వచ్చే వేడి 40 కేలరీలు, అదే 100 డిగ్రీల ఆవిరి ఒక గ్రాము నీళ్లుగా మారినంత మాత్రాన వదిలే వేడి 540 కేలరీలు. అందుకే పొట్లం వేడెక్కి ఆవిరి పుట్టాక లోపల చేప చాలా తొందరగా ఉడుకుతుంది. ఇదంతా ఇడ్లీ పాత్రలో జరిగేదే, కాకపోతే ఇక్కడ పాత్ర కాయితం అంత పల్చగా ఉంది, నీళ్లు చేపే తెచ్చుకుంది.

ఇంకో పక్క చూస్తే, లోపల తడి ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు, మీరు ఓటీజీని, అంటే చిన్న కరెంటు ఓవెన్‌ని, 200లో పెట్టినా 230లో పెట్టినా సరే. చేపకి, మసాలాకి ఎర్రగా కాలిన రంగు, ఆ కమ్మటి వాసన రావాలంటే పైభాగం ఎండి సుమారు 140 డిగ్రీలు దాటాలి. ఇడ్లీ ఎంతసేపు పెట్టినా ఎర్రబడదు కదా, అదే సంగతి.

ఇప్పుడు మన వేపుడు మసాలా సంగతి చూడండి. అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, పసుపు, ధనియాల పొడి, గరం మసాలా, నిమ్మరసం, కొంతమంది శనగపిండో బియ్యప్పిండో కూడా కలుపుతారు. ఇవన్నీ 170, 180 డిగ్రీల నూనెలో పడాల్సినవి. నూనెలో పడగానే ముద్దలో ఉన్న తడి చిటపటమని పోతుంది, అల్లం వెల్లుల్లి ఘాటు తగ్గి తీపి వాసన వస్తుంది, ధనియాల పొడి వేగి రంగు మారుతుంది, పిండి కరకరలాడుతుంది. అదే మసాలాని పొట్లంలో పెడితే ఇందులో ఒక్కటి కూడా జరగదు, వెల్లుల్లి అలాగే ముక్కుకి కొడుతుంది, పిండి అయితే జిగురు గంజిలాగా తయారవుతుంది. సరే ఇంకో పది నిమిషాలు పెడదాం అనుకుంటే మసాలా పచ్చి పోదు కానీ చేప మాత్రం పీచు పీచుగా ఎండిపోతుంది. ఈ పొట్లం వంటలో జరిగే పొరపాట్లలో ముప్పావు వంతు ఇదొక్కటే అని నా అభిప్రాయం, మిగతావన్నీ చిన్నవి.

దీనికి మూడు దారులున్నాయి, మూడూ మంచివే. మొదటిది మసాలాని ముందే వేయించేసుకోవడం. మూకుట్లో రెండు మూడు చెంచాల నూనె వేసి సన్నగా తరిగిన ఉల్లిపాయ ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి వేసి పచ్చి వాసన పోయేదాకా కలిపి, టమాటా గుజ్జో కాస్త చింతపండు చిక్కటి రసమో వేసి నూనె పైకి తేలేదాకా మగ్గనిచ్చి, దింపేముందు కారం ధనియాల పొడి ఉప్పు వేసి చల్లార్చాలి. ఆ ముద్దని చేపకి అటూ ఇటూ మందంగా పట్టిస్తే ఇక పొట్లంలో ఆవిరి చేయాల్సింది చేపని ఉడికించడం ఒక్కటే. కేరళవాళ్లు మీన్ పొళ్ళిచ్చదుకి చేసేది సరిగ్గా ఇదే, చేపని కాస్త కాల్చి, వేయించిన ఉల్లిపాయ మసాలాతో అరిటాకులో చుట్టి పెనం మీద పెడతారు. మూకుడు తోమే పని ఒకటి తగిలింది నిజమే, కానీ ఈ ముద్ద ఒకేసారి ఎక్కువ చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రెండు మూడు రోజులు వాడుకోవచ్చు, అప్పుడు సుఖమైన వంట అన్న మాటకి అర్థం ఉంటుంది.

రెండో దారి, పచ్చిగా ఉంటేనే బాగుండే మసాలాలు వాడటం. ముంబై పార్సీలు పాత్రానీ మచ్చి చేస్తారు, చందువ ముక్కలకి కొబ్బరి, కొత్తిమీర, పచ్చిమిర్చి, నిమ్మరసం వేసి నూరిన ఆకుపచ్చ చట్నీ పట్టించి అరిటాకులో చుట్టి ఆవిరి మీద పెడతారు, ఎక్కడా వేయించడం అనే మాటే లేదు. బెంగాలీలు భేట్కీ పాతురీకి ఆవాలు నూరిన ముద్ద, కొబ్బరి, పచ్చిమిర్చి, ఆవనూనె వాడతారు. ఆవాల ముద్ద మనకేం కొత్త కాదు, పనసపొట్టు కూరకి ఆవ పెట్టే ఇళ్లల్లో ఆ ఘాటు చిన్నప్పట్నుంచి తెలుసు. ఆ ఘాటు గాల్లోకి ఎగిరిపోయే రకం కాబట్టి మూత లేని గిన్నెలో ఎక్కువసేపు ఉడికితే పోతుంది, మూసిన పొట్లంలో చాలావరకు లోపలే ఉండిపోతుంది. కాబట్టి ఆవ పెట్టడానికి పొట్లం వంటకి మించింది లేదు, మనవాళ్లు దీన్ని చేపకి ఎందుకు వాడరో నాకైతే ఎప్పుడూ అర్థం కాలేదు. నూరేటప్పుడు చిటికెడు ఉప్పు, ఒక పచ్చిమిర్చి వేసి నూరితే చేదు తెలియకుండా ఉంటుంది.

మూడోది తాలింపు. పొట్లం విప్పాక పైన వేడి వేడి తాలింపు, ఎండుమిర్చి, ఆవాలు, జీలకర్ర, దంచిన వెల్లుల్లి, గుప్పెడు కరివేపాకు, వేసేస్తే ఆవిరి ఇవ్వలేని ఆ వేగిన వాసన మొత్తం అప్పుడు వచ్చి కూర్చుంటుంది. ఓటీజీ ఉన్నవాళ్లు ఇంకో పని కూడా చేయొచ్చు, చివరి మూడు నాలుగు నిమిషాలు పొట్లం నోరు తెరిచి పై రాడ్ మాత్రమే ఆన్ చేస్తే పైన తడి ఆరి కాస్త ఎర్రబడుతుంది.

ఇక నానబెట్టడం. రాత్రంతా మసాలాలో ఉంచితే లోపలిదాకా పడుతుందని చాలామంది నమ్మకం, మటన్‌కి ఏదో కొంత ఉపయోగం ఉందేమో కానీ చేపకి మాత్రం నష్టమే ఎక్కువ. లోపలికి నిజంగా వెళ్లేది ఉప్పు ఒక్కటే, కారం, పసుపు, ధనియాలు, గరం మసాలా అన్నీ పైపైనే ఉంటాయి, అందుకే మందం ముక్కలకి గాట్లు పెట్టడం ఎంతో మేలు. నిమ్మరసం సంగతి వేరే, అది వేడి లేకుండానే చేపని వండేస్తుంది, పెరూలో సెవిచే అని పచ్చి చేపని నిమ్మరసంలో నానబెట్టి తినేది ఈ లెక్క మీదే. నిమ్మరసంలో గంట ఉన్న ముక్క అంచులు తెల్లగా పాలిపోతాయి, తర్వాత ఆవిరిలో పెడితే సుద్దముక్కలాగా పొడి పొడిగా అవుతుంది. పచ్చి అల్లం ఇంకో రకం, అందులో మాంసకృత్తుల్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఉంది, రాత్రంతా ఉంచితే చేప పైభాగం మెత్తగా పేస్టులా తేలుతుంది. ఉప్పు, పసుపు వేసి 15 నిమిషాలు, పులుపు ఉన్న మసాలాతో 20 నుంచి 30 నిమిషాలు, అంతకుమించి అక్కర్లేదు. వేయించి చల్లార్చిన మసాలా అయితే, పులుపు తక్కువైతే, ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలున్నా పర్లేదు, చుట్టాలొచ్చే రోజు పొట్లాలన్నీ ముందే కట్టి పెట్టుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది.

ఎంతసేపైనా సరే ఫ్రిజ్‌లోనే పెట్టండి, గట్టు మీద వదిలేయకండి. వంజరం, కానాగంత, ట్యూనా లాంటి సముద్రపు చేపలు బయట వేడికి ఉంటే వాటిలో హిస్టమిన్ అనేది తయారవుతుంది, ఒకసారి తయారయ్యాక ఎంత ఉడికించినా అది పోదు, తిన్న కాసేపటికి మొహం ఎర్రబడి దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. చాలామంది చేప పడలేదు, ఎలర్జీ అనుకునేవాటిలో కొన్ని ఇవే.

నీచు వాసన గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మూకుట్లో అయితే వాసన కొంత ఇంట్లోకి పోతుంది, పొట్లంలో అయితే ఎక్కడికీ పోదు, విప్పినప్పుడు ఒక్కసారిగా మొహాన కొడుతుంది. సముద్రపు చేపల నీచు ట్రైమిథైలమీన్ అనే దానివల్ల వస్తుంది, పులుపు తగిలితే అది ఉప్పులాగా మారి గాల్లోకి లేవడం మానేస్తుంది, నిమ్మకాయ పని చేసేది అందుకే. చెరువు చేపల్లో వచ్చే మట్టి వాసన దీనికి సంబంధం లేనిది, నీళ్లలో నాచు, బాక్టీరియా వల్ల పుట్టే జియోస్మిన్ అనే పదార్థం చేప ఒంట్లోకి చేరడం వల్ల వస్తుంది, దానికి కూడా పులుపే విరుగుడు. కాబట్టి మనవాళ్లు ఉప్పు, పసుపు, నిమ్మరసం లేదా మజ్జిగ వేసి రుద్ది కడగడం ఊరికే అలవాటు కాదు, పొట్లం వంటకి అయితే తప్పనిసరి. కడిగాక మాత్రం గుడ్డతోనో టిష్యూతోనో తడి అద్దేయండి, లేకపోతే అడుగున నీళ్లు చేరి మసాలా అంతా కొట్టుకుపోతుంది. ఫ్రోజెన్ బాసా తెచ్చేవాళ్లకి ఇది మరీ ముఖ్యం, ఫ్రిజ్ కింది అరలో రాత్రంతా కరగనిచ్చి, వచ్చిన నీళ్లు పారబోసి, గట్టిగా అద్ది అప్పుడు వాడాలి.

ఏ చేప? ముళ్లు తక్కువుండి, ముక్క గట్టిగా ఉండేది. నన్నడిగితే మొదటి ఓటు పండుగప్పకి, కృష్ణా, పశ్చిమ గోదావరి వైపు చెరువుల్లో పెంచుతారు కాబట్టి దొరుకుతుంది కూడా, బెంగాలీల భేట్కీ, ఆస్ట్రేలియాలో బారాముండీ అనేది కూడా ఇదే చేప, పాతురీకి పనికొచ్చింది మన పొట్లానికి పనికి రాకుండా పోదు. కొరమీను కూడా బాగుంటుంది, తెలంగాణ రాష్ట్ర చేప అది, కండ గట్టిగా ఉండి ఆవిరిలో చెదిరిపోదు, కాకపోతే రేటు చూసి పులుసుకే దాచుకుంటాం. వంజరం ముక్కలు, చిన్న చందువ నిండు చేప కూడా పర్లేదు, వంజరం మాత్రం ఒక రెండు నిమిషాలు ఎక్కువైతే ఎండిపోతుంది కాబట్టి పైన నూనె, కొబ్బరి కొంచెం ధారాళంగా వెయ్యాలి. రోహు, బొచ్చెల్లో కండ మధ్యలో చీలిన సన్న ముళ్లు ఉంటాయి, పులుసులో అయితే నెమ్మదిగా ఏరుకుంటూ తింటాం, మసాలా కప్పేసిన మెత్తటి ముక్కలో పిల్లలకి అవి కనపడవు. పులస జోలికి వెళ్లకండి, బెంగాలీలు అదే జాతి ఇలిష్‌ని ఆవాల ముద్దతో ఆవిరి మీద వండుకుంటారు, అద్భుతంగా ఉంటుందంటారు, కానీ గోదావరి జిల్లాల్లో అంత డబ్బు పోసి కొన్న పులసని ఫాయిల్‌లో చుడతానంటే ఇంట్లోంచి గెంటేస్తారు. అమెరికాలో, యూరప్‌లో ఉన్నవాళ్లకి సాల్మన్, కాడ్, తిలాపియా సులువుగా దొరుకుతాయి, పైగా అపార్ట్‌మెంట్లో చేప వేపుడు పెట్టగానే మోగే స్మోక్ అలారం బాధ కూడా పొట్లంతో ఉండదు. సాల్మన్‌లో కొవ్వు ఎక్కువ కాబట్టి కాస్త అటూ ఇటూ అయినా పాడవదు, కొత్తగా చేసేవాళ్లు దాంతో మొదలుపెట్టొచ్చు.

అసలు ఫాయిల్ మంచిదేనా అని అడిగేవాళ్లు చాలామంది, ఈ ప్రశ్నకి అవును కాదు అని ఒక్క ముక్కలో చెప్పడం కుదరదు. అల్యూమినియం 660 డిగ్రీలకి గానీ కరగదు, కాబట్టి ఓవెన్‌లో కరిగి చేపలో కలుస్తుందనే భయం అక్కర్లేదు. కానీ కరగకపోయినా, పులుపు, ఉప్పు, వేడి మూడూ కలిస్తే లోహం కొంచెం కొంచెంగా ఆహారంలోకి దిగుతుంది, ఇది మాత్రం నిజం. మరి మన మసాలా చూడండి, చింతపండు, నిమ్మకాయ, టమాటా, దండిగా ఉప్పు. తెల్లవాళ్లు వెన్న, మిరియాలు వేసి చుట్టే చేపకీ మన చేపకీ ఇక్కడ తేడా ఉంది, వాళ్ల రెసిపీ మీద వచ్చిన ధీమా మనకి పనిచెయ్యదు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2008లో పెట్టిన హద్దు ఏంటంటే వారానికి ఒంటి బరువు కిలోకి 1 మిల్లీగ్రాము అల్యూమినియం, అంటే 60 కిలోల మనిషికి వారానికి 60 మిల్లీగ్రాములు, ఇది మనం తినే అన్ని పదార్థాల నుంచి వచ్చేది కలిపి. తిన్నదాంట్లో ఒక శాతం కూడా ఒంటికి పట్టదు, పట్టింది కిడ్నీలు బయటికి పంపేస్తాయి, అందుకే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు కాస్త ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. అల్జీమర్స్ వస్తుందని ఫార్వర్డ్ మెసేజీలు తిరుగుతుంటాయి కానీ అలా అని రుజువు కాలేదు. జర్మనీ ఆహార భద్రతా సంస్థ బీఎఫ్ఆర్ మాత్రం పులుపు, ఉప్పు ఉన్న పదార్థాలని ఫాయిల్‌కి తగలనివ్వొద్దనే చెప్తుంది, మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఎన్ఐఎన్ కూడా 2024 ఆహార మార్గదర్శకాల్లో చట్నీ, సాంబారు లాంటి పుల్లటివి అల్యూమినియం గిన్నెల్లో నిలవ ఉంచొద్దంది.

దీనికి పరిష్కారం చాలా చిన్నది, చేపకీ ఫాయిల్‌కీ మధ్య అరిటాకు పెట్టడమే. ఆకుని మంట మీద అటూ ఇటూ తిప్పితే రంగు ముదిరి మెత్తబడుతుంది, అప్పుడు చుడితే చీలదు, పైగా ఆ వెచ్చబడిన ఆకు వాసన చేపకి పడుతుంది, ఫాయిల్ ఒక్కటే వాడితే ఆ వాసన ఎక్కణ్ణుంచి తెస్తారు. ఆకులో, బొంగులో ఆవిరి పట్టించడం మనకి పాత విద్యే, కోనసీమలో పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు, మారేడుమిల్లి, అరకు వైపు బొంగు చికెన్, అన్నీ ఈ కుటుంబమే. ఆకు దొరకని ఊళ్లో బేకింగ్ పేపర్ పెట్టుకోవచ్చు, బటర్ పేపర్ అని అమ్మేవాటిలో కొన్ని ఓవెన్ వేడికి తట్టుకోవు, డబ్బా మీద ఎన్ని డిగ్రీల దాకా వాడొచ్చో చూసుకుని కొనండి. అన్నట్టు ఫాయిల్ మెరిసే వైపు లోపల పెట్టాలా బయట పెట్టాలా అని పెద్ద చర్చలు నడుస్తుంటాయి, రెండు రేకులు కలిపి రోలర్ల మధ్య లాగుతారు, రోలర్‌కి తగిలిన వైపు మెరుస్తుంది, అంతే, వంటకి ఏ తేడా రాదు.

కట్టేటప్పుడు రెండు సంగతులు. మామూలు 11 మైక్రాన్ల ఫాయిల్ అయితే రెండు పొరలు వెయ్యండి, 18 మైక్రాన్లది ఒక పొర చాలు. పైన వేలెడు ఖాళీ ఉంచి అంచులు రెండు మూడు మడతలు పెట్టి గట్టిగా నొక్కండి, ఆవిరి తిరగడానికి చోటుంటేనే ముక్క అంతా ఒకేలా ఉడుకుతుంది. ముక్కతో పాటు బంగాళాదుంప చక్రాలు పెట్టేవాళ్లున్నారు, చేప అయ్యేసరికి అవి సగం కూడా ఉడకవు, పెడితే ముందే ఉడికించి పెట్టండి.

టైమ్ బరువుని బట్టి కాదు, మందాన్ని బట్టి చూడాలి. కెనడియన్ రూల్ అని ఒక లెక్క ఉంది, బాగా వేడెక్కిన ఓవెన్‌లో చేప అంగుళం మందానికి 10 నిమిషాలు, ఫాయిల్‌లో చుడితే ఇంకో 5 కలపాలి. మన ఓటీజీలు 200 డిగ్రీల్లో ముందే పది నిమిషాలు వేడి చేసి పెడితే, అంగుళం ముక్కకి మసాలా మందం, ఆకు కూడా లెక్కలోకి తీసుకుని 15 నుంచి 18 నిమిషాలు పడుతుంది. పెనం మీద అయితే మందపాటి పెనం, సన్న సెగ, పైన మూత, ఒక్కో వైపు ఏడెనిమిది నిమిషాలు. గ్యాస్ మంట మీద నేరుగా మాత్రం పెట్టొద్దు, ఆ మంటకి పల్చటి ఫాయిల్ చిల్లులు పడి రసమంతా బర్నర్‌లోకి కారుతుంది. ఎయిర్ ఫ్రయర్‌లో పెట్టొచ్చు కానీ అందులో గొప్పతనం వేడి గాలి తిరగడమే, పొట్లం కట్టి ఆ గాలిని ఆపేస్తున్నాం కాబట్టి ఓటీజీకీ దానికీ పెద్ద తేడా ఉండదు. మైక్రోవేవ్ మోడ్‌లో ఫాయిల్ పెడితే నిప్పురవ్వలు వస్తాయి, కన్వెక్షన్ మోడ్‌లో అయినా మాన్యువల్ ఒప్పుకుంటేనే.

ఉడికిందో లేదో చూడటానికి ప్రతిసారీ పొట్లం విప్పక్కర్లేదు, ఫాయిల్ మీంచే టూత్‌పిక్ గుచ్చితే ముక్కలోకి ఎక్కడా ఆగకుండా దిగాలి, మధ్యలో గట్టిగా తగిలితే ఇంకో రెండు నిమిషాలు. థర్మామీటర్ ఉంటే మధ్యలో 63 డిగ్రీలు చాలు. బయటికి తీశాక మూడు నిమిషాలు అలా వదిలేయండి, లోపలి వేడికి ఇంకాస్త ఉడుకుతుంది, ఆ లెక్కతో కొంచెం ముందే తియ్యడం మంచిది. విప్పేటప్పుడు మీకు దూరంగా ఉన్న అంచు ముందు తెరవండి, ఆ 540 కేలరీల లెక్క చేతి మీద కూడా పనిచేస్తుంది.

అడుగున చేరే రసం పారబోయకండి, చేప సారం, మసాలా, నూనె అంతా అందులోనే ఉంది, వేడన్నంలో కలుపుకోవడానికి దానికి మించింది లేదు. మిగిలిన ముక్కలుంటే ఫాయిల్‌లోనే ఉంచి ఫ్రిజ్‌లో పెట్టొద్దు, గాజు డబ్బాలోకి మార్చండి. స్టీల్ గిన్నెలో వేసి పైన ఫాయిల్ కప్పడం ఇంకా తప్పు, ఉప్పు పులుపు ఉన్న తడి కూర అటు స్టీల్‌కీ ఇటు ఫాయిల్‌కీ తగిలిందంటే ఆ మూడూ కలిసి చిన్న బ్యాటరీ అయిపోతాయి, పొద్దున చూస్తే ఫాయిల్‌కి సన్న సన్న చిల్లులు, కూర మీద బూడిద రంగు మచ్చలు ఉంటాయి, ఆ పోయిన లోహం కూరలోనే ఉంది.